ఏడో గొట్టం గొణుగుడు

ఒంట్లో మిగిలిపోయినదాన్ని జ్ఞాపకం అనాలా, పగ అనాలా?

మైకు చేతికి రాగానే నమస్కారమైనా లేకుండా ప్రశ్న వేసేసింది, ఈవిడకి సభామర్యాద తెలియదు కాబోలు అనుకోకండి. కొన్నేళ్లుగా ఈ ప్రశ్నను చంకన వేసుకుని తిరుగుతున్నాను. చెయ్యి నొప్పెట్టి ముందు దాన్ని ఈ బల్లమీద దించాను, అంతే. ఇప్పుడు నమస్కారాలు. అధ్యక్ష స్థానంలో ఉన్న డీన్ గారికి, అంటే "అందరూ క్లుప్తంగా మాట్లాడండి" అని చెప్పి తాను మాత్రం మా టీలు చల్లారేదాకా మాట్లాడినవారికి (నవ్వులు), వేదిక మీది పెద్దలకు, ఎర్ర గది మిత్రులకు, మా తెల్ల గది మిత్రులకు, ఈ రెండు గదుల మధ్య ట్రేలు మోసి మోసి నేల అరగదీసిన సిబ్బందికి, పిలవగానే చెయ్యి చాపిన రక్తదాతలకు, అందరికీ నమస్కారం. ఇక ఈ రోజు రిటైరవుతూ, పూలగుత్తి పట్టుకుని, అది ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బందిగా కూర్చున్న మా మేడమ్‌కు వేరుగా నమస్కారం. మేడమ్, దాన్ని కింద పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు.

బయటి నుంచి వచ్చినవాళ్ళ కోసం ఒక్క మాట. మాకు రెండు గదులున్నాయి. ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కించేముందు ఎర్రకణాలకు పొత్తు కుదురుతుందో లేదో చూసేది ఎర్ర గది, మేడమ్‌ది. ఒకరి కిడ్నీయో ఎముకల్లోని మూలుగో ఇంకొకరికి ఇచ్చేముందు తెల్లకణాల మీది గుర్తులు కలుస్తాయో లేదో చూసేది తెల్ల గది, నాది. రెంటికీ మధ్య ఒక గోడ, గోడలో జరుపుడు అద్దాల కిటికీ. నేను కొత్తగా చేరినప్పుడు మా గదివాళ్ళకు కాస్త టెక్కు ఉండేది. ఎర్ర గదిది ఎక్కాల పుస్తకం, మాది పెద్ద లెక్కల శాస్త్రం అనుకునేవాళ్ళం. ఒకసారి మావాళ్ళెవరో ఆ మాట పైకే అనేశారు. కిటికీ అద్దం జరిగింది. అవతలి నుంచి మేడమ్ గొంతు మాత్రం వచ్చింది: "మీ తెల్లకణాలేమన్నా ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? మా ఎర్రకణాలకు మేనత్త పిల్లలే. ఒకే మూలుగలో పుట్టి, ఒకే కంచంలో తిని, ఇప్పుడొచ్చి గొప్పలు పోతున్నాయి." అద్దం మూసుకుంది. (నవ్వులు)

మేడమ్‌ను మనవాళ్ళు వెనకాల ఏమని పిలుస్తారో ఆవిడకు తెలియదనుకుంటున్నారు. తెలుసు. చెవి డాక్టరు. ఎందుకంటే గొట్టంలో ఒకరి సీరమూ, అంటే రక్తం పేరుకున్నాక పైన తేరే నీరూ, ఇంకొకరి ఎర్రకణాలూ కలిపి, వెచ్చబెట్టి, కడిగి, మిషన్లో గిరగిరా తిప్పి, దీపం ముందు మెల్లగా వంచి చూసే పనిని ఆవిడ ఏనాడూ చూడటం అనలేదు, వినడం అన్నారు. కణాలు గడ్డకట్టి ముద్దగా లేస్తే "పలికింది". ఇసకలా సన్నగా, ఉందా లేదా అన్నట్టుగా లేస్తే "గొణిగింది". పొగలా నునుపుగా లేచి పరుచుకుంటే "మౌనం". ఆ పేరు ఎంతవరకు పాకిందంటే, చెవిపోటుతో వచ్చిన ఒక పెద్దమనిషిని గేటు దగ్గర కాపలా ఆయన నేరుగా ఎర్ర గదికి పంపించాడు. అంతదూరం వచ్చినవాణ్ణి ఊరికే పంపడం ఎందుకని మేడమ్ ఆయన్ని పడుకోబెట్టి ఒక సీసా రక్తం తీసుకుని పంపించారు. ఆయన ఈ రోజుకీ మన దాత. అరుగో, మూడో వరసలో ఉన్నారు. చెవి తగ్గిందా అండీ? ... తగ్గలేదంటున్నారు. (నవ్వులు, చప్పట్లు)

నవ్వులాట పక్కన పెడితే, ఆ చెవిని ఎవరూ కొనలేకపోయారు, బెదిరించలేకపోయారు. ఒకసారి ఒక సర్జన్ గారు ఆపరేషన్ బల్ల మీద మనిషిని పెట్టుకుని ఫోన్‌లో అరుస్తున్నారు: "కొద్దిగానే కదండీ, మౌనం అని రాసేద్దురూ!" మేడమ్ గొంతు పెంచకుండా అన్నారు: "ఉన్నదాన్ని లేదనను బాబూ, లేనిదాన్ని ఉందనను. అలా అనేవాళ్ళు కావాలంటే వేరే చోట బోలెడుమంది ఉంటారు. ఇంకో సంచీ చూస్తున్నాను, ఫోన్ పెట్టెయ్." ఇంకో సంచీ దొరికింది, మనిషి బతికాడు. ఈ మాట గుర్తుంచుకోండి. ఉన్నదాన్ని లేదనను, లేనిదాన్ని ఉందనను. మళ్ళీ దీని దగ్గరికే రావాలి నేను.

నేను చేరిన రోజున మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న నా చదువు గురించి కాదు. "ఎన్నిసార్లు మోశావు?" అన్నారు. ఏం మొయ్యాలో అర్థంకాక నా సంచీ వైపు చూసుకున్నాను. (నవ్వులు) రక్తంతో పనిచేసేచోట ఆడవాళ్ళను అందరూ అడిగే ప్రశ్నే అది, కాకపోతే అందరూ "పిల్లలెందరు?" అంటారు. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు బిడ్డ రక్తం రవ్వంత తల్లిలోకి దాటుతుంది. బిడ్డలో సగం తండ్రిది. ఆ సగం తల్లి ఒంటికి పరాయిది కాబట్టి ఒక్కోసారి దానిమీద యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది. అందుకని అడగాలి. మేడమ్ మాత్రం ఆ ప్రశ్నను మార్చేశారు. "పిల్లలెందరంటే ఇంట్లో తిరుగుతున్నవాళ్ళను చెప్తారు. రక్తానికి ఇంటి లెక్క తెలీదు" అనేవారు.

నేను "ఒకసారి" అన్నాను. మా అమ్మాయి. అబద్ధం చెప్పాలని కాదు, నాకు నేర్పిన జవాబు అదే. మా అమ్మాయికి ముందు ఒకరు ఏడో నెల దాకా వచ్చి, ఏడవకుండానే వెళ్ళిపోయారు. నాకు చూపించలేదు, నేను అడగలేదు. మా అత్తగారు తల నిమురుతూ "లెక్కలోకి తీసుకోకు తల్లీ, మళ్ళీ కడుపు పండుతుంది" అన్నారు. ప్రేమతోనే అన్నారు, అందులో నాకు అనుమానం లేదు. అన్నిటా అనుమానమే అని పేరు తెచ్చుకున్నదాన్ని, ఈ ఒక్కదాన్నీ వదిలేస్తున్నాను. పేరు లేదు, ఫోటో లేదు. తెచ్చిపెట్టిన చిన్న ఉన్ని సాక్సులు ఎవరో ఎక్కడికో తీసేశారు. కొంతకాలానికి నాకే సందేహం వచ్చేది, అసలు జరిగిందా అని.

(నీళ్ళు తాగి)

మేడమ్ గదిలో ఒక పద్ధతి ఉండేది. ఇంటి కణాలు. పనిచేసే అందరూ, వాళ్ళ వాళ్ళూ కాస్త కాస్త రక్తం ఇస్తే, ఆ ఎర్రకణాలను వరసగా గొట్టాల్లో పెట్టి, అనుమానం వచ్చిన సీరం ఏదైనా వాటన్నిటితో కలిపి వినేవారు. పేర్లుండవు, నంబర్లే. అందులో ఏడో నంబరు నన్ను తీసుకెళ్ళడానికి వానలో వచ్చి వరండాలో నిలబడ్డ ఒక అమాయకుడు, మావారే. మేడమ్ ఆయన్ని చూసి "ఖాళీగానే ఉన్నారుగా, చెయ్యి ఇటివ్వండి" అన్నారు. ఏడో నంబరు గారు ఇప్పుడు వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నారు, ప్రసంగం ఎటు తిరుగుతోందో గ్రహించి పారిపోవడానికి వీలుగా. (నవ్వులు) కూర్చోండి, పొద్దున మీ అనుమతి తీసుకున్నాను.

ఒక శనివారం. శనివారాల్లో చేతి అలవాటు పోకుండా మా సీరాలే తీసి ఇంటి కణాలతో కలిపించేవారు. ఆ రోజు నా వంతు. అన్ని గొట్టాలూ మౌనం. ఏడోది వంచారు, ఆగారు, మళ్ళీ వంచారు.

"గొణిగింది."

"సరిగ్గా కడగలేదేమో మేడమ్" అన్నాను, తెల్ల గది పొగరుతో.

"కడిగింది నేను." (నవ్వులు)

మా ఇంట్లో అందరిదీ ఒకటే గ్రూపు, కాబట్టి మామూలు గ్రూపుల పేచీ కాదు. మళ్ళీ కలిపారు, మళ్ళీ గొణిగింది. నాకు దీపం ముందు చూపించారు. నునుపుగా లేవాల్సిన ఆ ఎర్రటి పొగలో సన్నని రవ్వ, కళ్ళార్పితే పోయేంత. మేడమ్ లేచి వెళ్ళి కిటికీ అద్దం జరిపి మూసి వచ్చారు. "అమ్మాయ్, మళ్ళీ అడుగుతున్నాను. చెప్పాలని లేకపోతే చెప్పకు, గొట్టం పారబోసేస్తాను, ఇద్దరం టీ తాగుదాం. ఎన్నిసార్లు మోశావు?"

"రెండుసార్లు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వినడం నాకే అదే మొదటిసారి.

"ఊఁ" అన్నారు. అంతే. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. గొట్టాన్ని మాత్రం, పడుకున్న పసివాణ్ణి జరిపినట్టు, మెల్లగా స్టాండులో పెట్టారు.

ఇప్పుడు నన్ను ఇన్నేళ్లుగా నోరు తెరిపించి నిలబెట్టిన సంగతి చెప్పాలి. ఎర్రకణం ఎముకల మూలుగలో పుట్టినప్పుడు దానికీ మిగతా కణాలన్నిటిలాగే ఒంటి గుర్తులు ఉంటాయి, అంటే మా తెల్ల గదిలో మేం వెతికే గుర్తులు, అమ్మ సగం నాన్న సగం ఇచ్చే ఇంటిపేర్లు. అది పెరిగి రక్తంలోకి అడుగుపెట్టేముందు తనలోని కేంద్రకాన్నే బయటికి నెట్టేస్తుంది, ఆ ఇంటిపేర్లనూ దాదాపుగా తుడిచేసుకుంటుంది. పుట్టింటి పేరు వదిలేసి, గ్రూపు అనే కొత్త పేరుతో వచ్చేస్తుంది. తెల్లకణాలు మాత్రం ఆ పాత పేర్లను ఒంటినిండా వేసుకునే తిరుగుతాయి. అయితే కొందరిలో, అందరిలో కాదు, ఎర్రకణం మీద పాత పేరు తాలూకు ఒక పొల్లక్షరం చెరక్కుండా మిగిలిపోతుంది. మాకు ముందుతరం శాస్త్రవేత్తలు దీన్ని చూసి కొత్త రక్తవర్గం అనుకుని వేరే పేర్లు కూడా పెట్టారు. తర్వాత తేలింది, అది వర్గం కాదు, తెల్లకణాల ఇంటిపేరు నీడ అని. రక్తం ఎక్కించేచోట దాన్ని చికాకు కింద లెక్కేస్తారు. గొణుగుడు కదా, పట్టించుకోనక్కర్లేదు అంటారు. మేడమ్ పట్టించుకున్నారు.

ఏడో నంబరు గారు ఆ కొందరిలో ఒకరు. ఆయన ఎర్రకణాలు పుట్టింటి అక్షరం దాచుకున్నాయి, నా సీరం ఆ అక్షరాన్ని పోల్చుకుంది.

వెంటనే నా సందేహం నిద్ర లేచింది. "మా అమ్మాయి వల్ల వచ్చిందేమో కదా మేడమ్?"

"కావచ్చు. గోడ అవతల నీ గదే ఉందిగా, వెళ్ళి చూడు."

వెళ్ళాను. తండ్రి దగ్గర ఈ గుర్తులు రెండు గుప్పిళ్ళుగా ఉంటాయి, ఒకటి వాళ్ళమ్మ ఇచ్చింది, ఒకటి వాళ్ళ నాన్న ఇచ్చింది. ప్రతి బిడ్డకూ ఏదో ఒక గుప్పెడే ఇస్తాడు. ఆయన తెల్లకణాల మీద నా సీరం చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూశాను. మా పద్ధతిలో యాంటీబాడీ పట్టుకున్న కణం చచ్చి రంగు పీల్చుకుని నల్లబడుతుంది, వదిలేసినది మెరుస్తూ ఉంటుంది. ఆయనవి నల్లబడ్డాయి. ఎర్ర గదిలో గొణిగింది ఇక్కడ కేక పెట్టింది. తర్వాత మా అమ్మాయివి. "అమ్మా, నా కణాలు అందంగా ఉన్నాయా?" అని పక్కనుంచి వేధిస్తోంది. ఉన్నాయి. అన్నీ మెరుస్తున్నాయి, ఒక్కటీ నల్లబడలేదు. గుర్తులు చదివి చూస్తే అదీ తేలింది. మా అమ్మాయి తెచ్చుకున్నది తండ్రి రెండో గుప్పెడు. నా సీరం పోల్చుకున్న గుర్తు మొదటి గుప్పెట్లోది. నాకెవరూ ఎప్పుడూ రక్తం ఎక్కించలేదు.

మరి ఆ గుర్తును నా ఒంటికి ఎవరు చూపించారు?



ఫోటో లేదు, పేరు లేదు అన్నాను కదా. ఒక్కటి ఉంది. ఆ వెళ్ళిపోయినవారు తండ్రి దగ్గర్నుంచి ఏ గుప్పెడు పట్టుకుని వచ్చారో తెలిసింది. ఎవరూ లెక్కలోకి తీసుకోని మనిషి సగం ఇంటిపేరు నా నెత్తురులో రాసి ఉంది. మైక్రోస్కోప్ మీద నుంచి తల ఎత్తాలంటే భయం వేసింది, ఎత్తితే గది మామూలు గదిలా కనిపిస్తుందేమో అని.

ఎత్తాక మళ్ళీ సందేహమే. జబ్బు చేసినప్పుడు కూడా ఒక్కోసారి ఇలాంటి పోలికలున్న యాంటీబాడీలు పుడతాయి కదా, అదేమో? మేడమ్ "కావచ్చు" అన్నారు. ఎప్పుడు చూసినా కావచ్చు అంటారేంటి మేడమ్ అన్నాను. "ఎప్పుడు చూసినా నువ్వు కాదేమో అంటావేంటి?" అన్నారు.

అసలు ప్రశ్న తర్వాత వచ్చింది. యాంటీబాడీ అంటే ప్రేమలేఖ కాదు. అది ఆయుధం. పరాయివాడు మళ్ళీ వస్తే పట్టుకోవడానికి ఒళ్ళు నూరిపెట్టుకున్న కత్తి. అంటే నా ఒళ్ళు నా బిడ్డ మీదే కత్తి నూరిందా? ఆ కత్తే... అంటూ కిటికీ దగ్గరికి వెళ్ళాను. మేడమ్ పూర్తిచెయ్యనివ్వలేదు.

"కాదు" అన్నారు. "ఈ రకం యాంటీబాడీలు ఎందరో తల్లుల్లో ఉంటాయి, వాళ్ళ పిల్లలు నిక్షేపంలా పుడతారు. నీకూ బిడ్డకూ మధ్యనుండే మాయ దాటనివ్వదు వాటిని, దారిలోనే పట్టేస్తుంది. నీ బిడ్డ పోవడానికి ఇది కారణం కాదు. కాదు."

ఆ ఒక్కసారే కావచ్చు అనలేదు. మేడమ్, మీరు బతికించిన మనుషుల లెక్క ఆసుపత్రి దగ్గరుంది. నన్ను ఆ ఒక్క మాటతో బతికించిన సంగతి దానిలో ఉండదు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

ఆ సాయంత్రం ఏడో నంబరు గారితో "మీ రక్తంతో కలిపితే నా రక్తం గొణుగుతోందండీ" అన్నాను. "పెళ్ళయిన దగ్గర్నుంచీ గొణుగుతూనే ఉందిగా, కొత్తేముంది?" అన్నారు. (నవ్వులు) అప్పుడు మొత్తం చెప్పాను. వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాక అడిగారు, "అయితే ఏదో మిగిలిందంటావా?" మా పెళ్ళయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను అడిగిన ప్రశ్నల్లో జవాబు చెప్పాలని ఇంతగా అనిపించింది ఇంకోటి లేదు. ఈ పొద్దున మా అమ్మాయిని అడిగాను, సభలో చెప్పనా అని. "చెప్పమ్మా. నాకు అక్కా, అన్నా?" అంది. తెలీదే అన్నాను. "అయితే నేను అక్క అనుకుంటాను. అన్నలుంటే రిమోట్ ఇవ్వరట" అంది.

ఇక చివరికి వస్తున్నాను డీన్ గారూ, గడియారం నాకూ కనిపిస్తోంది.

వచ్చే వారం ఎర్ర గదిలోకి కొత్త మిషన్ వస్తోంది. మంచి మిషనే. దీపం, వంపు, చెవి అక్కర్లేదు. గొణుగుళ్ళను మౌనం కింద లెక్కేసేలా దాన్ని సర్దారట. ఇంటి కణాల వరస ఇక ఉండదు. అందుకని పోయిన వారం మేడమ్ వాటిని పారబోసేముందు కిటికీ అద్దం జరిపి పిలిచారు. "ఏడో నంబరుతో ఇంకోసారి వింటావా?"

యాంటీబాడీలు కలకాలం ఉండవు. కొందరిలో ఏళ్ల తరబడి నిలుస్తాయి, కొందరిలో పలచబడి పోతాయి. నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. కలిపారు, వెచ్చబెట్టారు, కడిగారు. మిషన్లో తిప్పారు. గొట్టం తీసి దీపం ముందు వంచారు. ఎప్పటికన్నా ఎక్కువసేపు వంచారు.

"గొణిగింది" అన్నారు.

గొట్టం నా చేతికిచ్చారు. నేను వంచాను. పొగ నునుపుగా లేచింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. నాకు మౌనమే కనిపించింది.

ఉన్నదాన్ని లేదనని, లేనిదాన్ని ఉందనని మనిషి ఆవిడ. ఆవిడ విన్నారంటే ఉండి ఉండాలి. ఇన్నేళ్ల అలవాటున్న ఆ చెవి ముందు నా కళ్ళెంత? కానీ అది ఆవిడ ఉద్యోగంలో వంచిన చివరి గొట్టం. పక్కన నిలబడ్డది నేను. ఏళ్ల తరబడి కాపాడుకున్న నియమాన్ని ఆ ఒక్కసారి నా కోసం వంచారా? మేడమ్, మీ వైపు చూసి అడుగుతున్నానని తల దించుకోకండి. నేను అడగడం లేదు. జవాబు చెప్పవద్దు.

తేల్చుకోవడం కష్టమేం కాదు. ఎర్రకణాలు గొణిగే మాటను తెల్లకణాలు స్పష్టంగా చెప్తాయి. గోడ ఇవతల నా బల్ల ఉంది, నా సీరం ఉంది, వెనక వరసలో ఏడో నంబరు గారు ఉన్నారు. ఒక పూటలో తేలిపోతుంది. అది పగే అయితే చల్లారిందంటే సంతోషించాలి. జ్ఞాపకమే అయితే చెరిగిపోయిందని వినడానికి నేను సిద్ధంగా లేను. ఏది కోరుకోవాలో తెలియకుండా చుక్క వెయ్యలేను. పోయిన వారం నుంచి రోజూ బల్ల దగ్గరికి వెళ్తున్నాను, సీరం బయటికి తీస్తున్నాను, మళ్ళీ లోపల పెట్టేస్తున్నాను.

మేడమ్, వినడం నేర్పినందుకు, ప్రశ్నను మార్చి అడిగినందుకు, ఆ రోజు అద్దం మూసి వచ్చినందుకు కృతజ్ఞతలు. ఓపికగా విన్న పెద్దలకు, మిత్రులకు, పారిపోకుండా కూర్చున్న ఏడో నంబరు గారికి ధన్యవాదాలు. ఇకమీదట ఎన్నిసార్లు మోశావని ఎవరడిగినా రెండుసార్లు అనే చెప్తాను, అంతవరకు తేలింది. పరీక్ష చెయ్యాలా వద్దా అన్నది మాత్రం ఇక్కడ నిలబడి ఇంతసేపు మాట్లాడాక కూడా తేల్చుకోలేకపోతున్నాను.

మీ దగ్గర సెలవు తీసుకుంటున్నాను.